గేర్ల బండి కొత్తగా నేర్చుకుంటున్నారా? పికప్ ఉన్న, నమ్మకమైన చిన్న బండిని ఎంచుకోవడం ఎలా?

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) చేతికి రాగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. నాన్నగారు మైలేజ్ అంటారు, ఫ్రెండ్స్ లుక్ అంటారు, వీడియోల్లో టాప్ స్పీడ్ అంటారు, షోరూంలో ఈఎంఐ ఎంత కట్టగలరని అడుగుతారు. నేర్చుకునే మనిషి ఎత్తెంత, బరువెంత, రోజూ ఏ రోడ్డు మీద వెళ్లాలి, ఆ ఊళ్లో బండి బాగుచేసేవాళ్లు ఎవరున్నారు అన్నవి మాత్రం ఎవరూ అడగరు. నిజానికి మొదటి బండి విషయంలో తేల్చుకోవాల్సినవి అవే.

నేను మొదటిసారి కొన్నప్పుడు ఇవేవీ చూసుకోలేదు. ట్యాంకు పెద్దగా, టైరు వెడల్పుగా ఉందని ఒక బరువైన 150 సీసీ బండి తీసుకున్నాను. రెండో వారంలోనే ఇసుక పడి ఉన్న ఒక మలుపులో యూటర్న్ తీసుకుంటుంటే బండి పక్కకి ఒరిగింది, కాలు ఆన్చాను కానీ బరువు ఆపలేకపోయాను. దెబ్బలేం తగల్లేదు గానీ క్లచ్ లివరూ ఫుట్‌రెస్టూ విరిగాయి. ఆ రెండు చిన్న సామాన్లు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ బస్సులో తిరుగుతూ ఆలోచిస్తే అర్థమైంది, నేను బండి సీసీ చూసి కొన్నాను, కేజీలు చూడలేదు, సామాను ఎక్కడ దొరుకుతుందో అడగలేదు. అందుకే కింద చెప్పే ప్రతి దశలోనూ ఈ రెండూ మళ్లీ మళ్లీ వస్తాయి.

మొదటి పని: కాగితాల సంగతి తేల్చుకోండి

గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకే లైసెన్స్ ఇస్తారు కదా అని కొందరంటారు, అది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికి మాత్రమే. మైనర్ పిల్లలకి బండి ఇచ్చి పంపితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకి లేదా బండి ఓనర్‌కి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు కూడా పడొచ్చు. పద్దెనిమిది నిండేదాకా ఆగండి, ఈలోగా డబ్బు పోగేసుకోండి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే పర్మనెంట్ లైసెన్స్ టెస్ట్‌కి వెళ్లగలరు. ఈలోగా బండికి ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి, వెనక ఎవరినైనా ఎక్కించుకుంటే వాళ్లు లైసెన్స్ ఉండి మీకు నేర్పించేవాళ్లే అయి ఉండాలి, ఫ్రెండ్‌ని ఎక్కించుకుని సినిమాకి వెళ్లడానికి లేదు. ఈ షరతులు పాటించకుండా ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా చిక్కొస్తుంది.

ఇవన్నీ బండి ఎంపికకి ముందే ఎందుకంటే, టెస్ట్‌లో ‘ఎయిట్’ వేయాలి. కాలు కింద పెట్టకుండా, నెమ్మదిగా, హాఫ్ క్లచ్ మీద (క్లచ్ సగమే వదిలి) బండిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి. తేలికైన, హ్యాండిల్ బాగా తిరిగే బండి మీద ఇది రెండు ఉదయాల్లో వచ్చేస్తుంది. హ్యాండిల్ కిందికి ఉండి, ముందుకి వంగి కూర్చునే స్పోర్ట్స్ బండి మీద అదే పని చాలా కష్టంగా ఉంటుంది, హ్యాండిల్ తక్కువ తిరుగుతుంది కాబట్టి.

రెండో పని: మీ రోడ్డు ఏదో రాసుకోండి

నిజంగానే కాగితం మీద రాయండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు, అందులో సిటీ ట్రాఫిక్ ఎంత, హైవే ఎంత, వెనక మనిషి కూర్చుంటారా, ఘాట్ రోడ్డు ఉందా.

అమీర్‌పేట నుంచి మాదాపూర్‌కి ఆఫీసుకి వెళ్లేవాళ్లకి అరవై దాటే అవకాశమే తక్కువ. అక్కడ కావాల్సింది సిగ్నల్ పడగానే చురుగ్గా కదిలి, సెకండ్, థర్డ్ గేర్లలో కుదుపు లేకుండా నడిచి, గంటసేపు క్లచ్ పట్టినా చెయ్యి నొప్పి పెట్టని బండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లని ఎలాగూ రానివ్వరు, కాబట్టి సిటీలో ఉంటూ వంద దాటే బండి కోసం డబ్బు పెట్టడంలో అర్థం లేదు. ఒకవేళ మీరు సూర్యాపేట, నందిగామ లాంటి చోట ఉండి రోజూ హైదరాబాద్ – విజయవాడ హైవే ఎక్కేవాళ్లయితే లెక్క మారుతుంది. అక్కడ కార్లూ బస్సులూ ఎనభై, వంద మీద పోతుంటాయి, 100 సీసీ బండి మీద ఎడమ అంచున బిక్కుబిక్కుమంటూ వెళ్లాలి, లారీని దాటాలంటే ఊపిరి బిగబట్టాలి. విశాఖలో ఉంటే ఎత్తుపల్లాలు, అరకు ఘాట్ లాంటి ఎక్కుళ్లు ఉంటాయి, ఇద్దరు ఎక్కితే చిన్న ఇంజన్ మాటిమాటికీ గేర్ తగ్గించమంటుంది.

నా లెక్క ఇది: పూర్తిగా సిటీ అయితే 125, సగం పైగా హైవే అయితే 150–160. నేర్చుకునే దశలో 200, 250, 350ల వైపు అసలు చూడొద్దు.

మూడో పని: ‘స్పీడ్ బండి’ అంటే ఏంటో లెక్కేసుకోండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ సేపు ఉంటాను.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి టాప్ స్పీడ్ పనికిరాని అంకె. రోడ్డు మీద మీకు రోజూ అక్కరకొచ్చేది ఆగిన చోటు నుంచి అరవై దాకా బండి ఎంత చురుగ్గా అందుకుంటుంది, నలభై నుంచి డెబ్బైకి గేర్ మార్చకుండా ఎంత సాఫీగా వెళ్తుంది అన్నదే. మనవాళ్లు పికప్ అనేది దీన్నే. ఈ పికప్ ఇంజన్ పవర్ ఒక్కదాన్ని బట్టి రాదు, ఆ పవర్ ఎంత బరువుని లాగాలి అన్నదాన్ని బట్టి వస్తుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. బండి బరువుకి మీ బరువు 65 కేజీలు కలపండి, ఇంజన్ పవర్‌ని (దాన్ని పీఎస్‌లలో చెప్తారు) దానితో భాగించి వందతో హెచ్చవేయండి. వంద కేజీలకి ఎంత పవర్ ఉందో వస్తుంది. కంపెనీలు చెప్పే అంకెలతో, వేరియంట్‌ని బట్టి ఒకటి రెండు కేజీల తేడా ఉంటుందనుకుని:

హీరో స్ప్లెండర్ ప్లస్: 8 పీఎస్, 112 కేజీలు. వంద కేజీలకి సుమారు 4.5.
హోండా షైన్ 125: 10.7 పీఎస్, 113 కేజీలు. సుమారు 6.
టీవీఎస్ రైడర్ 125: 11.4 పీఎస్, 123 కేజీలు. సుమారు 6.
బజాజ్ పల్సర్ ఎన్ఎస్125: 12 పీఎస్, 144 కేజీలు. సుమారు 5.7.
యమహా ఎఫ్‌జెడ్ (149 సీసీ): 12.4 పీఎస్, 136 కేజీలు. సుమారు 6.2.
హోండా యూనికార్న్: 13 పీఎస్, 139 కేజీలు. సుమారు 6.4.
టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 4వి: 17.5 పీఎస్, 145 కేజీలు. సుమారు 8.3.
యమహా ఎంటీ-15: 18.4 పీఎస్, 141 కేజీలు. సుమారు 8.9.

ఇక్కడ ఆగి ఒకసారి చూడండి. 125ల్లో ఎక్కువ పీఎస్ ఉన్న ఎన్ఎస్125 ఈ లెక్కలో రైడర్ కంటే వెనక ఉంది, ఎందుకంటే ఇరవై కేజీలు ఎక్కువ. పెద్దగా ఎవరూ స్పీడ్ బండి అనుకోని షైన్, చూడ్డానికి దిట్టంగా ఉండే ఎఫ్‌జెడ్ పక్కనే నిలబడింది. సిగ్నల్ దగ్గర షైన్ మీద ఉన్న పెద్దాయన మిమ్మల్ని దాటి ముందుకి పోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే ఈ లెక్క అరవై లోపే బాగా పనిచేస్తుంది. డెబ్బై, ఎనభై దాటాక బండి బరువు కంటే ఎదురుగాలిదే ఎక్కువ భారం, అక్కడ మొత్తం పవర్ ఎంతన్నదే ముఖ్యం. అందుకే హైవే మీద ఎనభైలో షైన్ బాగా శ్రమపడుతుంది, యూనికార్న్ అదే స్పీడ్‌లో తీరిగ్గా వెళ్తుంది.

ఇంకో విషయం, ఆ పవర్ ఎక్కడ వస్తుందో కూడా చూడాలి. స్పెసిఫికేషన్లలో టార్క్ (ఇంజన్ తిప్పే బలం) పక్కన ఒక ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) అంకె ఉంటుంది. ఎఫ్‌జెడ్ తన పూర్తి టార్క్‌ని 5,500 ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేస్తుంది, ఎంటీ-15కి అది 7,500 దగ్గర వస్తుంది, పూర్తి పవర్ కావాలంటే 10,000 దాకా తిప్పాలి. కొత్తవాళ్లు అంత పైకి ఇంజన్ తిప్పరు, ఆ సౌండ్‌కే భయపడి గేర్ మార్చేస్తారు. కాబట్టి కాగితం మీద 18 పీఎస్ ఉన్నా వాళ్లు వాడేది అందులో సగం కూడా ఉండదు. మరి అనుకోకుండా యాక్సిలరేటర్ గట్టిగా మెలితిప్పితే ఆ మిగతా సగం ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. నేర్చుకునే మనిషికి కింద నుంచే సమానంగా లాగే ఇంజన్ కావాలి. క్లచ్ కొంచెం అటూ ఇటూ అయినా బండి ఆగిపోదు, ధైర్యం త్వరగా వస్తుంది, ధైర్యం వచ్చాకే మనిషి నిజంగా స్పీడ్ అందుకోగలడు.

నాలుగో పని: కూర్చుని చూడండి, తోసి చూడండి

షోరూంలో పది నిమిషాలు ఈ పనికే కేటాయించండి, సేల్స్ కుర్రాడు తొందరపెట్టినా సరే.

ముందు కూర్చోండి. రెండు పాదాల ముందు భాగమైనా గట్టిగా నేలకి ఆనాలి, ఒక్క కాలైతే మడమ దాకా ఆనాలి. సీటు ఎత్తు టీవీఎస్ రైడర్‌కి 780 మిల్లీమీటర్లు, స్ప్లెండర్ 785, ఎఫ్‌జెడ్ 790, యూనికార్న్ 798, అపాచీ 160 4వి 800, ఎంటీ-15 810. అంకెల్లో తేడా రెండు మూడు సెంటీమీటర్లే అనిపిస్తుంది కానీ అయిదడుగుల రెండు అంగుళాల అమ్మాయికో అబ్బాయికో ఆ మూడు సెంటీమీటర్లే ధైర్యానికీ భయానికీ మధ్య తేడా. పైగా సీటు వెడల్పుగా ఉంటే అదే ఎత్తులో కూడా కాళ్లు అందవు, కాబట్టి అంకె చూసి వదిలేయకుండా కూర్చునే తేల్చుకోండి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్లండి.

తర్వాత న్యూట్రల్‌లో పెట్టి, దిగి, చేత్తో తోస్తూ ఒక చుట్టు తిప్పండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో, ఇరుకు సందులో మీరు రోజూ చేయబోయే పని ఇదే. సెంటర్ స్టాండ్ ఉంటే వేసి చూడండి. సైడ్ స్టాండ్ మీద నుంచి కూర్చుని లేపి చూడండి. నడుము బిగుసుకుపోతుంటే ఆ బండి మీకు బరువెక్కువ, ఎంత నచ్చినా పక్కన పెట్టండి. క్లచ్ లివర్‌ని ఇరవై సార్లు నొక్కి వదలండి. మొదటిసారి అన్నీ తేలికగానే అనిపిస్తాయి, ఇరవయ్యోసారి తేడా తెలుస్తుంది.

నాన్నగారి పాత స్ప్లెండర్ మీద ఇప్పటికే కాస్త నేర్చుకున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అందులో నాలుగు గేర్లూ ముందుకి నొక్కి వేసేవే. 150, 160 బండ్లలో ఫస్ట్ కిందికి నొక్కాలి, మిగతావన్నీ పైకి ఎత్తాలి. అలవాటు మారేదాకా ఒక వారం ఖాళీ గ్రౌండ్‌లోనే తిప్పండి, ట్రాఫిక్‌లో పైకి వేయబోయి కిందికి వేస్తే వెనక చక్రం పట్టేస్తుంది.

ఐదో పని: బ్రేకుల దగ్గర బేరం వద్దు

2019 ఏప్రిల్ నుంచి అమ్మిన బండ్లలో 125 సీసీ పైబడిన వాటికి ఏబీఎస్, 125 వరకు ఉన్నవాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి చేశారు. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు. సీబీఎస్‌లో వెనక బ్రేక్ తొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది, అంతే. గట్టిగా పడితే చక్రం బిగుసుకుని జారడం అది ఆపలేదు. ఏబీఎస్ మాత్రం చక్రం బిగుసుకోబోతుందని సెన్సర్‌తో పసిగట్టి బ్రేక్‌ని సెకనులో ఎన్నోసార్లు వదులుతూ పడుతూ ఉంటుంది.

కొత్తవాళ్లు కంగారులో చేసే మొదటి పని ముందు బ్రేక్ మొత్తం గుంజేయడం. రోడ్డు మీద ఇసుకో, వాన నీళ్లో, ఆరబోసిన వడ్లో ఉంటే ముందు చక్రం జారి మనిషి నేల మీద ఉంటాడు. అందుకే నా మాటగా చెప్తున్నా, రెండు బండ్ల మధ్య తేల్చుకోలేకపోతే ఏబీఎస్ ఉన్నది తీసుకోండి. 125లోనే ఏబీఎస్ కావాలంటే హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ లాంటి వాటిలో ఆ వేరియంట్ ఉంది, అయిదారు వేలు ఎక్కువైనా పర్లేదు. సింగిల్ ఛానల్ అంటే ముందు చక్రానికి మాత్రమే, డ్యూయల్ అంటే రెండింటికీ. మొదటి బండికి సింగిల్ ఛానల్ చాలు.

అరవై మీద వెళ్తున్నప్పుడు బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదం కళ్లకి కనిపించి, చెయ్యి బ్రేక్ మీదికి వెళ్లేలోపు ఒక సెకను గడిచిపోతుంది, అంటే బ్రేక్ పడకముందే 17 మీటర్లు అయిపోయాయి. స్పీడ్ ముప్పై నుంచి అరవైకి రెట్టింపైతే బ్రేక్ పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. పికప్ ఉన్న బండి కావాలనుకునేవాళ్లు దానికి సరిపడా బ్రేకులు కూడా కావాలనుకోవాలి.

ఆరో పని: నమ్మకం అంటే మీ ఊరి మెకానిక్‌ని అడగడం

నమ్మకమైన బండి అంటే అసలు చెడిపోనిది అని కాదు, ఏ బండైనా ఎప్పుడో ఒకప్పుడు ఇబ్బంది పెడుతుంది. అది ఎంత అరుదుగా ఇబ్బంది పెడుతుంది, పెట్టినప్పుడు ఎంత తొందరగా, ఎంత తక్కువలో బాగవుతుంది, ఈ రెండూ చూడాలి.

ఒకే ఇంజన్ ఎక్కువ ఏళ్లుగా రోడ్ల మీద ఉంటే దాని లోపాలు బయటపడి సరిచేసి ఉంటారు. పల్సర్ 2001లో వచ్చింది, యూనికార్న్ 2004లో, షైన్ 2006లో, ఎఫ్‌జెడ్ 2008లో. మోడళ్లు మారుతూ వచ్చినా ఈ కుటుంబాల బండ్లకి సామాను దొరకనిచోటు మన రెండు రాష్ట్రాల్లో దాదాపు లేదు. గాలితోనే చల్లబడే సింపుల్ ఇంజన్‌కి రేడియేటరూ కూలెంటూ పైపుల గొడవ ఉండదు, మండల కేంద్రంలో ఉన్న మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. లిక్విడ్ కూలింగ్ ఉన్న ఎంటీ-15, ఆర్15 లాంటివి మంచి ఇంజన్లే, గట్టివే, కానీ వాటికి సరైన సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఉండాలి. అది అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే ప్రతి సర్వీసింగ్‌కీ ఒక రోజు పోతుంది.

కొత్తగా లాంచ్ అయిన మోడల్‌ని మొదటి ఏడాది కొనొద్దు. ఇది నా పట్టుదల అనుకోండి.

ఇక చేయాల్సిన పని చెప్తాను. షోరూంకి వెళ్లే ముందు మీ ఇంటి దగ్గర ఏ కంపెనీకీ చెందని ఒక మామూలు మెకానిక్ దగ్గరికి వెళ్లి, ఓ టీ తాగుతూ మూడు ప్రశ్నలు అడగండి. అన్నా, నీ దగ్గరికి ఈ బండ్లు ఏ కంప్లయింట్‌తో ఎక్కువ వస్తాయి? చైన్ సెట్, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు ఎంతవుతాయి, అదే రోజు దొరుకుతాయా? నువ్వు నీ తమ్ముడికి ఏది కొనిస్తావు? మూడో ప్రశ్నకి వచ్చే జవాబు చాలా విలువైనది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లకి దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడి స్పేర్ పార్ట్స్ షాపులో కూడా ఒక మాట అడగండి, ఏ సామాను ఎక్కువ అమ్ముడుపోతుందో వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఏడో పని: డబ్బు లెక్క, ముఖ్యంగా ఇన్సూరెన్స్

ఎక్స్‌షోరూం ధర చూసి బడ్జెట్ వేయొద్దు, ఆన్‌రోడ్ ధర రాయించుకోండి, ఒక్కో పద్దు విడివిడిగా. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి అంతకు ముందు ధరలు చెప్పే పాత వీడియోలు నమ్మకండి. ‘హ్యాండ్లింగ్ చార్జీలు’ అని ఏదైనా కలిపితే అదేంటో అడగండి. బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలని రూల్ ఉంది, అడిగి తీసుకోండి, ఐఎస్ఐ మార్క్ ఉందో లేదో చూసుకోండి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు ఇది 3,851 రూపాయలు, 150 దాటితే 7,365, ట్యాక్స్ అదనం. అంటే 149 సీసీ ఎఫ్‌జెడ్ చౌక శ్లాబులో ఉంటుంది, 155, 160 సీసీ బండ్లు పెద్ద శ్లాబులోకి పోతాయి. అయిదేళ్ల తర్వాత ఏటా కట్టేటప్పుడు కూడా ఆ తేడా కొనసాగుతుంది. దీని కోసమే బండి మార్చుకోమని అనను, కానీ రెండు బండ్లు సమానంగా నచ్చినప్పుడు పనికొచ్చే లెక్క.

హెల్మెట్, చేతి గ్లవుజులు, వాన జాకెట్‌కి బడ్జెట్‌లోంచి కనీసం అయిదారు వేలు ముందే తీసి పక్కన పెట్టండి. బండి కొన్నాక ఆ డబ్బు మిగలదు.

సెకండ్ హ్యాండ్ బండి తీసుకునేవాళ్లకి

నేర్చుకునేటప్పుడు బండి ఒకటి రెండు సార్లు కింద పడటం మామూలే, అందుకని సెకండ్ హ్యాండ్ మంచి ఆలోచనే. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త పొగ ప్రమాణం) బండి అయితే మంచిది, చాలావాటిలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, పొద్దున్నే చోక్ లాగే పని ఉండదు. అంతకంటే పాత కార్బురేటర్ బండి చవగ్గా వస్తే రబ్బరు పైపులు మార్పించుకునే ఖర్చు కలుపుకోండి, ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి ఆ పాత రబ్బర్లు తట్టుకోవు.

చూడ్డానికి పగలు వెళ్లండి, వెళ్లే ముందు ఫోన్ చేసి బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే ముందే స్టార్ట్ చేశారని అర్థం, చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీకు తెలియకుండా పోయింది, ఇంకో రోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ అయ్యాక సైలెన్సర్ వైపు చూడండి. నీలంగా, తెల్లగా పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది, పిస్టన్ రింగుల పని పడుతుంది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది, అది సర్వీసింగ్‌తో పోవచ్చు.

సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం తిప్పుతూ చైన్‌ని వేలితో ఎత్తి చూడండి, ఒక చోట బిగుతుగా ఇంకో చోట వదులుగా ఉంటే చైన్ సెట్ మార్చాలి. ముందు చక్రం గాల్లో ఉండేలా ఒకరిని వెనక నొక్కమని, హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి, మధ్యలో ఎక్కడో పట్టినట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) పోయింది. ముందు షాక్‌ల మీద ఆయిల్ తడి ఉంటే సీళ్లు కారుతున్నాయి. ఇవన్నీ బాగుచేయించగల పనులే, ధర తగ్గించమని అడగడానికి వాడుకోండి. హ్యాండిల్ నిటారుగా పట్టుకుంటే ముందు చక్రం పక్కకి చూస్తోందంటే మాత్రం బండి గట్టిగా గుద్దుకుని ఉంటుంది, మారు మాట్లాడకుండా వచ్చేయండి.

మీటర్‌లో 12 వేల కిలోమీటర్లు చూపిస్తూ ఫుట్‌రెస్ట్ రబ్బరు, గేర్ రాడ్ రబ్బరు అరిగిపోయి నున్నగా ఉన్నాయంటే ఆ మీటర్‌ని నమ్మొద్దు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 3522 అని ఉంటే 2022లో 35వ వారం తయారైందని. గాడులు బాగానే ఉన్నా అయిదేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడి వానలో జారుతుంది.

కాగితాల్లో ఆర్సీ మీద ఉన్న ఛాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో ఒక్కో అంకె సరిచూడండి. లోన్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఫారం 35 కావాలి, పేరు మార్పుకి 29, 30 ఫారాలు. తెలంగాణ బండి ఆంధ్రాకి గానీ, ఆంధ్రా బండి తెలంగాణకి గానీ తెచ్చుకుంటే ఆర్టీఏ ఎన్‌ఓసీ, మళ్లీ లైఫ్ ట్యాక్స్ ఉంటాయి, ఆ ఖర్చు కలిపితే చవక బండి కాస్తా ఖరీదైపోతుంది. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్లో చూసుకుని డబ్బులిచ్చే ముందే అమ్మేవాళ్లతో కట్టించండి. పేరు మారకుండా ‘తర్వాత చేయిద్దాంలే’ అంటే ఒప్పుకోవద్దు.

చివరి పని: నడిపి చూసి తేల్చుకోవడం

ఎల్‌ఎల్‌ఆర్ మీద షోరూం వాళ్లు టెస్ట్ రైడ్ ఇవ్వకపోవచ్చు. లైసెన్స్ ఉండి మీ ఎత్తూ బరువూ ఉన్న ఒక మనిషిని తీసుకెళ్లండి, వాళ్లు నడుపుతుంటే వెనక కూర్చోండి. స్పీడ్ బ్రేకర్ మీద, గతుకుల్లో, ఒక యూటర్న్‌లో, అరవై మీద ఎలా ఉందో అడగండి. హ్యాండిల్‌లో, ఫుట్‌రెస్టుల్లో వణుకు వస్తోందా? థర్డ్ గేర్‌లో పాతిక మీద వెళ్తూ యాక్సిలరేటర్ ఇస్తే బండి కొట్టుకుంటుందా, సాఫీగా లాగుతుందా? ఈ రెండో ప్రశ్న మీ రోజువారీ ట్రాఫిక్ గురించి చాలా చెప్తుంది.

నన్ను అడిగితే, సిటీలో ఉండి చురుకైన బండి కావాలనుకునేవాళ్లకి రైడర్ 125, లేదా ఏబీఎస్‌తో వచ్చే ఎక్స్‌ట్రీమ్ 125ఆర్. ఇంట్లో అందరూ నడపాలి, ఏళ్ల తరబడి తిరగాలి అంటే షైన్. సగం హైవే ఉంటే యూనికార్న్ నా మొదటి మాట. కింద నుంచి సమానంగా లాగుతుంది, సామాను ఎక్కడైనా దొరుకుతుంది. అపాచీ 160 4వి పికప్ నాకు చాలా ఇష్టం, కానీ అది ఇప్పటికే ఓ ఏడాది వేరే బండి నడిపినవాళ్లకి చెప్తాను. ఎంటీ-15, ఆర్15 రెండో బండిగా తీసుకోండి, అప్పుడు వాటిని పూర్తిగా వాడుకోగలరు.

బండి ఇంటికి వచ్చాక మొదటి సర్వీసింగ్ దాకా, అంటే మాన్యువల్‌లో రాసిన 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపు, ఇంజన్‌ని గట్టిగా తిప్పొద్దు, ఒకే స్పీడ్‌లో గంటలు గంటలు నడపొద్దు, ఆ సర్వీసింగ్‌లో ఆయిల్ తప్పకుండా మార్పించండి. ఓ నెల రోజులు పొద్దున్న ఆరింటికి ఖాళీ గ్రౌండ్‌కి తీసుకెళ్లి ముప్పై, నలభై, యాభై మీద వెళ్తూ రెండు బ్రేకులూ కలిపి ఆపడం ప్రాక్టీస్ చేయండి. మొదట గోడకి దూరంగా, తర్వాత ఒక గీత గీసుకుని సరిగ్గా దాని దగ్గర ఆగేలా. అది వచ్చాక వాన పడిన మర్నాడు అదే గ్రౌండ్‌లో ఇంకోసారి చేయండి.